32 డిగ్రీల దగ్గర ఆ పీక్

"మేడమ్, కలర్ వచ్చేసింది!"

ఏడాదికి కనీసం పదిసార్లు ఈ కేక వింటాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలు కానికల్ ఫ్లాస్క్ పట్టుకుని నా గదిలోకి దాదాపు పరుగున వస్తారు. పొద్దున లేత పసుపుగా ఉన్న ద్రవం మధ్యాహ్నానికి తేనె రంగుకి తిరిగి, సాయంత్రానికి చిక్కటి గోధుమ రంగులోకి దిగి ఉంటుంది. ఆ పిల్లల మొహాల్లోని సంబరం నాకు బాగా తెలుసు. నా మొదటి ఫ్లాస్క్ రంగు మారిన రోజు నేనూ అలాగే పరుగెత్తాను. అప్పట్లో నా కుడిచేతి వేళ్ల మీద ఎప్పుడూ సిల్వర్ నైట్రేట్ మచ్చలు నల్లగా ఉండేవి. సబ్బుకి పోవు. చర్మం పైపొర దానంతటది రాలిపోయేదాకా ఓపిక పట్టాల్సిందే.

వాళ్ల సంబరం పాడుచేయడం నాకు ఇష్టం ఉండదు. కానీ నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "కంట్రోల్ ఫ్లాస్క్ ఏదీ?" రెండోది: "కషాయంలో క్లోరైడ్ ఉందేమో చూశారా?" ఈ రెండు ప్రశ్నలూ నన్ను సమయానికి ఎవరూ అడగలేదు. రెండేళ్ల పని తప్పుదారి పట్టింది. మొక్కల కషాయాలతో వెండి నానోకణాలు, అంటే మీటరులో వందకోట్లో వంతుల్లో కొలవాల్సినంత చిన్న వెండి కణాలు, చేసే ఈ రంగమంటే నాకు ప్రేమ. అది నడుస్తున్న తీరంటే కోపం. ఆ రెండూ ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు పద్ధతి. చెప్పడానికి చాలా తేలిక. జామ ఆకులు ఒక పది గ్రాములు తీసుకుని శుభ్రంగా కడిగి, సన్నగా తరిగి, 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో పావుగంట మరిగించాలి. చల్లారాక ఫిల్టర్ పేపర్‌తో వడకడితే పసుపు రంగు కషాయం దిగుతుంది. ల్యాబ్‌లో దీన్నే ఎక్స్‌ట్రాక్ట్ అంటాం. ఇంకోవైపు ఒక మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ ద్రావణం, అంటే లీటరు నీటికి 0.17 గ్రాములు, కలిపి పెట్టుకోవాలి. దాంట్లోంచి 90 మిల్లీలీటర్లు తీసి, 10 మిల్లీలీటర్ల కషాయం పోస్తే అయిపోయింది. వేడి చేస్తే త్వరగా, ఎండలో పెడితే ఇంకా త్వరగా, పీహెచ్ కాస్త పెంచితే నిమిషాల్లో రంగు మారుతుంది.

లోపల జరిగేది ఇదీ. సిల్వర్ నైట్రేట్ నీళ్లలో కరిగినప్పుడు వెండి పరమాణువు ఒక ఎలక్ట్రాన్ తక్కువగా, అయాన్‌గా ఉంటుంది. ఆ ఎలక్ట్రాన్ ఎవరిచ్చినా పుచ్చుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ ఆత్రానికి కొలతైన రిడక్షన్ పొటెన్షియల్ దానికి ప్లస్ 0.80 వోల్టులు, లోహాల్లో అది చాలా ఎక్కువ. ఆకుల్లో పాలీఫినాల్స్, ఫ్లేవనాయిడ్స్, టానిన్లు, విటమిన్ సి, కొన్ని చక్కెరలు ఉంటాయి. ఇవి ఎలక్ట్రాన్లు ఇచ్చేసి తాము ఆక్సీకరణం చెందుతాయి. ఎలక్ట్రాన్ అందుకున్న వెండి పరమాణువులు ఒకదానికొకటి అంటుకుని చిన్న గింజల్లా పెరుగుతాయి. కషాయంలోని పెద్ద అణువులు, ప్రొటీన్లు ఆ గింజల చుట్టూ పొరలా పట్టుకుని, అవి ముద్దకట్టకుండా ఆపుతాయి. అంటే ఎలక్ట్రాన్ ఇచ్చేదీ, కాపలా కాసేదీ రెండూ ఆకులోనే దొరుకుతున్నాయి. బయటి నుంచి ఇంకేమీ వేయక్కర్లేదు. ఈ పద్ధతి నన్ను మొదట పట్టేసింది అందుకే.

ఇక రంగు. పళ్లెంలో నీళ్లు పోసి అటూ ఇటూ కదిపితే నీళ్లు ఒక లయలో ఊగుతాయి కదా, నానోకణంలోని ఎలక్ట్రాన్ల గుంపు కూడా కాంతి తగిలినప్పుడు అలాగే ఊగుతుంది. చిన్న వెండి గోళాల్లో ఆ ఊపు 400 నానోమీటర్ల దగ్గరి ఊదా కాంతితో లయ కలుస్తుంది. ఆ కాంతిని కణాలు లాగేసుకుంటాయి, మిగిలింది మన కంటికి పసుపుగా కనపడుతుంది. కణాలు పెద్దవైనా, ఒకదానికొకటి అతుక్కున్నా ఆ లయ పొడవైన తరంగాల వైపు జరుగుతుంది. దీనికి పూర్తి గణితాన్ని గుస్తావ్ మీ 1908లోనే రాశాడు. అంతకు చాలా ముందే, నాలుగో శతాబ్దంలో, రోమన్ల కాలంలో చేసిన లైకర్గస్ గిన్నె ఉంది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ గాజు గిన్నె బయటి వెలుతురులో ఆకుపచ్చగా, లోపల దీపం పెడితే ఎర్రగా కనిపిస్తుంది. ఆ గాజులో వెండి, బంగారం కలిసిన నానోకణాలు ఉన్నాయి. చేసినవాళ్లకి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. వాళ్లకి రంగు చాలు. మనకి మాత్రం చాలదు.

ఎందుకంటే, పాలీఫినాల్స్ ఉన్న కషాయం వెండి లేకుండానే గోధుమ రంగుకి తిరుగుతుంది. కోసిపెట్టిన ఆపిల్ ముక్క గంటలో నల్లబడేది పాలీఫినాల్స్ ఆక్సీకరణం వల్లే. కషాయాన్ని వేడి చేసినా, పీహెచ్ పెంచినా అదే జరుగుతుంది. కాబట్టి సిల్వర్ నైట్రేట్ బదులు ఉత్త నీళ్లు పోసి, అంతే వేడి, అంతే పీహెచ్, అంతసేపూ పెట్టిన ఫ్లాస్క్ ఒకటి పక్కన ఉండాలి. అదే కంట్రోల్. ద్రవం ఏ రంగు కాంతిని ఎంత లాగేసుకుంటోందో చూపే యూవీ స్పెక్ట్రమ్‌లో 400 నుంచి 450 నానోమీటర్ల మధ్య గుట్టలాంటి పీక్ వస్తే, అది కంట్రోల్‌లో రాకపోతే, అప్పుడు వెండి గురించి మాట్లాడొచ్చు.

నా కథ దగ్గరికి వస్తాను.

నా రోజుల్లో ఎక్స్‌ఆర్‌డీ తీయించడమంటే పొడి చిన్న సీసాలో వేసి ఇంకో చోటికి పంపి, గ్రాఫ్ వచ్చేదాకా వారాల తరబడి ఎదురుచూడటం. ఎక్స్‌ కిరణాలు స్ఫటికం మీద పడి ఏ కోణంలో తిరిగొస్తున్నాయో ఆ గ్రాఫ్ చెబుతుంది. ఏ పదార్థానికి ఏ కోణాలో ముందే లెక్క ఉంటుంది. లోహపు వెండికి 38.1, 44.3, 64.4, 77.4 డిగ్రీలు. గ్రాఫ్ వచ్చిన రోజు ఆ నాలుగూ ఉన్నాయి, మనసు కుదుటపడింది. కానీ వాటన్నిటికంటే ఎత్తుగా 32.2 దగ్గర ఇంకో పీక్ నిలబడి ఉంది. దాని పక్కన 27.8 దగ్గర ఒకటి, 46.2 దగ్గర ఒకటి.

గ్రాఫ్ మా గైడ్‌కి చూపించాను. ఆయన పెద్దగా ఆలోచించలేదు. "అది అందరికీ వస్తుందమ్మా. ఆకులోని సేంద్రియ పదార్థం స్ఫటికంగా మారిందని ఒక వాక్యం రాసెయ్" అన్నారు. నేను వెతికితే నిజంగానే పేపర్ మీద పేపర్‌లో అదే పీక్, అదే వాక్యం. ఇంతమంది రాశారంటే నిజమే అయి ఉంటుందనుకున్నాను. రాసేశాను. రివ్యూ చేసినవాళ్లు కూడా అడగలేదు. పేపర్ అచ్చయింది, ఇంట్లో అందరికీ చూపించుకున్నాను.

నాలుగేళ్ల తర్వాత, టీచింగ్‌లో చేరిన కొత్తలో, డిగ్రీ పిల్లలకి సాల్ట్ అనాలిసిస్ చేయిస్తున్నాను. క్లోరైడ్ పరీక్ష అందరికీ తెలిసిందే. ద్రావణంలో సజల నత్రికామ్లం వేసి, సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే పెరుగు విరిగినట్టు తెల్లని అవక్షేపం వస్తుంది. ఒక అమ్మాయి తన టెస్ట్‌ట్యూబ్‌ని కిటికీ పక్క స్టాండ్‌లో పెట్టి మర్చిపోయింది. గంట తర్వాత చూస్తే ఆ తెలుపు కాస్తా ఊదా, బూడిద కలిసిన రంగుకి తిరిగి ఉంది. సిల్వర్ క్లోరైడ్ వెలుతురుకి నల్లబడుతుంది, పాత ఫోటోగ్రఫీ చాలావరకు వెండి లవణాల ఇలాంటి గుణం మీదే నడిచింది. ఆ ట్యూబ్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నా ఫ్లాస్క్ అడుగున పేరుకునే బూడిద రంగు మడ్డి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం సిల్వర్ క్లోరైడ్ కోణాల లెక్క ఉన్న కార్డు తీసి చూశాను. 27.8, 32.2, 46.2.

ఆకులో క్లోరైడ్ ఉంటుంది. ఉండకుండా ఎలా ఉంటుంది? మొక్క వేళ్లతో పీల్చుకునే నీళ్లలో అది ఉంటుంది, మొక్కకి కొంచెం అవసరం కూడా. మరిగిస్తే నేరుగా కషాయంలోకి దిగుతుంది. ఇక లెక్క చూడండి. 90 మిల్లీలీటర్ల ఒక మిల్లీమోలార్ ద్రావణంలో ఉన్న వెండి మొత్తం 9.7 మిల్లీగ్రాములు. దాన్నంతా సిల్వర్ క్లోరైడ్‌గా మార్చేయడానికి కావలసిన క్లోరైడ్ 3.2 మిల్లీగ్రాములే. అంటే వేసిన పది మిల్లీలీటర్ల కషాయంలో ఆ మాత్రం ఉప్పదనం ఉంటే చాలు, ఒక్క వెండి నానోకణం కూడా లేకుండా మన వెండి అంతా అడుగుకి పోవచ్చు. ఫ్లాస్క్ మామూలు కుళాయి నీళ్లతో కడిగి సరిగ్గా ఆరబెట్టకపోయినా ఇదే గొడవ. నాకు వచ్చింది వెండి, సిల్వర్ క్లోరైడ్ కలిసిన పొడి. ఆ మిశ్రమం పనికిరానిదేమీ కాదు, దానికీ క్రిములని చంపే శక్తి ఉంది, కాంతితో రంగుల వ్యర్థాలని విడగొట్టే గుణం కూడా ఉంది. కానీ నేను దాన్ని శుద్ధమైన వెండి అని రాశాను. అది తప్పు.

ఇప్పుడు పేపర్లు చదువుతుంటే ఆ 32 డిగ్రీల పీక్ ఎన్నిసార్లు కనిపిస్తుందో! కొన్నిచోట్ల నక్షత్రం గుర్తు పెట్టి వదిలేస్తారు, కొన్నిచోట్ల అదే పాత వాక్యం.

ఈ రంగం మొదలైన తీరు ఎంతో బాగుంది. 2003లో గార్డియా టోరెస్డీ బృందం అల్ఫాల్ఫా అనే పశుగ్రాసపు మొక్క మొలకలని వెండి ఉన్న మాధ్యమంలో పెంచి, ఆ మొక్కల లోపలే నానోకణాలు ఏర్పడ్డాయని చూపించింది. మురళి శాస్త్రి బృందం పుణెలోని నేషనల్ కెమికల్ లేబరేటరీలో 2003లో జెరేనియం ఆకులతో, 2004లో వేపాకు కషాయంతో వెండి కణాలు చేసింది. వేపాకుతో బంగారం, వెండి రెండూ కలిపి ఒకదాని మీద ఒకటి పొరగా ఉన్న కణాలు కూడా చేశారు. ఏ అణువు ఏం చేస్తోందనే ప్రశ్న ఆ పేపర్లలో ఉంది. తర్వాత వచ్చిన పేపర్లలో చాలావాటిలో ఆ ప్రశ్నే మాయమైంది. మొక్క పేరు మార్చు, కషాయం కాచు, రంగు చూపించు, యూవీ, ఎక్స్‌ఆర్‌డీ, ఎఫ్‌టీఐఆర్ (ఏ రసాయన బంధాలున్నాయో ఇన్‌ఫ్రారెడ్ కాంతితో చూసే పరీక్ష), నాలుగు బాక్టీరియా ప్లేట్లు, అయిపోయింది పేపర్. పాలీఫినాల్స్ లేని ఆకు దొరకడం కష్టం, వెండి అయాన్‌కి ఎలక్ట్రాన్ ఇవ్వని కషాయం దొరకడం ఇంకా కష్టం. కాబట్టి ఫలానా మొక్కతో కూడా వస్తుంది అని తేల్చడంలో కొత్తగా తెలిసింది ఏమిటి?

ఎఫ్‌టీఐఆర్ మాట కూడా చెప్పాలి. 3400 దగ్గర వెడల్పు పీక్ వచ్చింది కాబట్టి ఓహెచ్ ఉంది, 1630 దగ్గర వచ్చింది కాబట్టి ప్రొటీన్ ఉంది అని రాస్తారు. తడి ఆరని ఏ పొడికైనా ఆ రెండూ వస్తాయి. నీళ్లకే వస్తాయి.

అసలు తేల్చాల్సింది వేరే ఉంది. ఒకే చెట్టు ఆకు ఎండాకాలంలో కోస్తే ఒక రకంగా, వానలు పడ్డాక కోస్తే ఇంకో రకంగా పనిచేస్తుంది. లేత ఆకు, ముదురు ఆకు ఒకటి కాదు. నీడలో ఆరబెట్టింది, ఓవెన్‌లో పెట్టింది ఒకటి కాదు. మా ల్యాబ్‌లో ఒకే చెట్టు ఆకుతో ఒకసారి సన్నటి చక్కటి పీక్ వస్తే, కొన్ని నెలల తర్వాత అదే కొలతలతో బల్లపరుపు గుట్ట వచ్చింది. ఆ పిల్లాడు తన చేతిదే తప్పనుకుని మూడుసార్లు చేశాడు, రాత్రుళ్లు నిద్రపోలేదు, ఒకటే టెన్షన్. తప్పు అతనిది కాదు, ఆకుదీ కాదు. ఆకు అనేది కొలత తెలిసిన కెమికల్ అని మనం అనుకోవడంలో ఉంది. కషాయం మొదటి మెట్టు కావాలి. అందులో పని చేస్తున్నది గాలిక్ ఆమ్లమా, టానిక్ ఆమ్లమా, ఇంకోటా అని విడదీసి పట్టుకుంటే, ఆ ఒక్క అణువుతో, తెలిసిన మోతాదుతో చేయొచ్చు. అప్పుడు ఈ రోజు వచ్చిన సైజే వచ్చే ఏడాది కూడా వస్తుంది. మందుగానో, వడపోత సాధనంగానో వాడాలంటే ఆ నమ్మకం లేకపోతే ఎవరూ ముట్టుకోరు. ముట్టుకోకూడదు కూడా.

దాదాపు ప్రతి పేపర్ మొదటి పేరాలో ఒక మాట ఉంటుంది: రసాయన పద్ధతులు విషపూరితం, మాది హరిత పద్ధతి. సోడియం బోరోహైడ్రైడ్, హైడ్రజీన్ లాంటి రసాయనాల విషయంలో ఈ మాట నిజమే, హైడ్రజీన్ చాలా ప్రమాదకరమైనది. కానీ వెండి కణాలకి బాగా వాడుకలో ఉన్న పద్ధతుల్లో ఒకటి సిట్రేట్ పద్ధతి, లీ, మైజెల్ 1982లో చెప్పింది. సిట్రేట్ అంటే నిమ్మపండులో ఉండే ఆమ్లపు లవణం. అమెరికాలో కేరీ లీ 1889లోనే సిట్రేట్ వాడి వెండి కొల్లాయిడ్ (సన్నటి కణాలు తేలాడే ద్రవం) చేశాడు. ఆ వంటకం మళ్లీ చేసి చూసినవాళ్లకి 10 నానోమీటర్ల లోపు కణాలు వచ్చాయి. దాని పక్కన నిలబెట్టి మాది తక్కువ విషం అంటే అది నిలబడే వాదన కాదు.

అసలు ఫ్లాస్క్ దగ్గర మొదలుపెట్టి హరితం అనడమే నాకు ఒప్పదు. వెండి నేలలోంచి వస్తుంది, ఎక్కువ భాగం సీసం, జింక్, రాగి గనుల్లో తోడుగా దొరుకుతుంది. దాన్ని నత్రికామ్లంలో కరిగిస్తే సిల్వర్ నైట్రేట్. కరిగేటప్పుడు గోధుమ రంగు విషవాయువు లేస్తుంది. మనకి అందే తెల్లని స్ఫటికాల సీసా వెనక ఇంత ఉంది. ఇక చివర చూడండి. సెంట్రిఫ్యూజ్‌లో కణాలు అడుగుకి దిగాక పైన మిగిలిన ద్రవాన్ని ఏం చేస్తారు? సింక్‌లో పారబోస్తారు. నేనూ పారబోశాను. ఒకసారి ఆ ద్రవంలో ఉప్పునీళ్లు ఒక చుక్క వేసి చూడండి. తెల్లగా మబ్బు పడితే, చర్యలో పాల్గొనని వెండి ఇంకా అందులో ఉన్నట్టే. నీళ్లలో బతికే చిన్న జీవులకీ, చేపలకీ వెండి అయాన్ చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ 1998లో రాసిన హరిత రసాయన సూత్రాలు 12 ఉన్నాయి. వాటిలో మొట్టమొదటిది వ్యర్థం పుట్టకుండా చూడమనే. మా ల్యాబ్‌లో ఇప్పుడు ఆ ద్రవానికి వేరే క్యాన్ ఉంది. ఉప్పు వేసి సిల్వర్ క్లోరైడ్‌గా దింపి దాచిపెడతాం.

ఉపయోగాల సంగతి. వెండికి క్రిములని చంపే గుణం ఉందన్నది ఏనాడో తేలిన విషయం. జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ క్రెడే 1880లో అప్పుడే పుట్టిన పిల్లల కళ్లలో 2 శాతం సిల్వర్ నైట్రేట్ చుక్క వేయడం మొదలుపెట్టాడు. పుట్టుకలో అంటుకునే ఇన్‌ఫెక్షన్ వల్ల గుడ్డివాళ్లయ్యే ఎందరో పిల్లల చూపు ఆ చుక్క వల్ల నిలిచింది. కాలిన గాయాలకి రాసే సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీమ్ 1968లో వచ్చింది. నానో సైజులో వెండికి ఉన్న అదనపు బలం ఉపరితలం. ఒక గ్రాము వెండిని ఘనాకారపు ముక్కగా పోస్తే దాని ఉపరితలం ఒకటింపావు చదరపు సెంటీమీటరు. అదే గ్రాముని 20 నానోమీటర్ల గోళాలుగా చేస్తే 28 చదరపు మీటర్లకి పైగా. అంత మేర నుంచి అయాన్లు నెమ్మదిగా ఊరుతూ ఉంటాయి.

ఊరే అయాన్లే చంపుతున్నాయా, కణం తనంతట తాను కూడా చంపుతుందా అన్నది చాలాకాలం తేలలేదు. 2012లో రైస్ యూనివర్సిటీలో పెడ్రో అల్వరెజ్ బృందం ఒక చక్కటి ప్రయోగం చేసింది. వెండి కణం నుంచి అయాన్ విడుదల కావాలంటే ఆక్సిజన్ కావాలి. వాళ్లు ఆక్సిజన్ పూర్తిగా లేని చోట బాక్టీరియాకి నానోకణాలు ఇచ్చి చూశారు. మామూలుగా అయాన్లు చంపే మోతాదుకి ఎన్నో రెట్లు ఇచ్చినా బాక్టీరియా చావలేదు. అంటే కణం ఒక గోదాం లాంటిది, చంపే సరుకు అయాన్. ఇది నాకు చాలా నచ్చిన ప్రయోగం. ఒక్క ప్రశ్న, దానికి తగిన ఒక్క ఏర్పాటు.

ఇది తెలిశాక మన అగార్ ప్లేట్లని, అంటే బాక్టీరియా పెంచే జెల్లీ పళ్లేలని, చూడండి. ప్లేట్‌లో గుంట చేసి నానోకణాల ద్రవం పోసి, చుట్టూ బాక్టీరియా పెరగని జోన్‌ని స్కేలుతో కొలిచి, ఈ ఆకుతో చేసింది ఎక్కువ, ఆ ఆకుతో చేసింది తక్కువ అని రాస్తారు. కణాలు అగార్‌లో సరిగ్గా పాకలేవు. పాకేవి అయాన్లు, అందులోనూ కడగకుండా వదిలేసిన సిల్వర్ నైట్రేట్‌వి. పైగా మాధ్యమంలోని క్లోరైడ్, ప్రొటీన్ ముక్కలు వాటిని దారిలోనే పట్టేస్తాయి. అలాంటి ప్లేట్ మీద రెండు మిల్లీమీటర్ల తేడా దేన్నీ నిరూపించదు. ద్రవ మాధ్యమంలో మోతాదు తగ్గించుకుంటూ పోయి ఎంత తక్కువకి పెరుగుదల ఆగుతుందో చూడాలి. పక్కన అంతే బరువు వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్, విడిగా కషాయం కూడా పెట్టాలి. చాలాసార్లు సిల్వర్ నైట్రేటే గెలుస్తుంది. గెలిస్తే అదే రాయాలి. క్యాన్సర్ కణాలని చంపిందన్న పేపర్లదీ ఇదే దారి. డిష్‌లో కణాలని చంపే పదార్థాలు లెక్కలేనన్ని ఉన్నాయి, మామూలు కణాలని వదిలేసిందా లేదా అన్నదే అసలు విషయం.

గాయాల పట్టీల్లో వెండి వాడకం విస్తారంగా ఉంది. అయినా వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచే కాక్రేన్ వాళ్ల 2010 నాటి సమీక్ష, వెండి పూతలు, పట్టీలు గాయాన్ని త్వరగా మాన్పుతాయనో ఇన్‌ఫెక్షన్ రాకుండా ఆపుతాయనో చెప్పడానికి చాలినంత ఆధారం లేదని తేల్చింది. ప్లేట్ మీద క్రిమి చావడం, మనిషి గాయం మానడం వేర్వేరు విషయాలు.

తాగే వెండి గురించి మాత్రం నేను మెత్తగా చెప్పలేను. కొల్లాయిడల్ సిల్వర్ పేరుతో రోగనిరోధక శక్తి పెంచుతుందని అమ్మేవి తాగకండి, ఆకుతో చేశాం, సహజం అని రాసి ఉన్నా సరే. వెండి ఒంట్లో చేరి చర్మం కింద దిగబడుతుంది. వెలుతురుకి అక్కడే నల్లబడి చర్మం నీలం కలిసిన బూడిద రంగుకి మారుతుంది. దీన్ని ఆర్గీరియా అంటారు, ఆ రంగు సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. అమెరికాలో మందులని నియంత్రించే ఎఫ్‌డీఏ 1999లోనే ఇలాంటి మందులు సురక్షితమనీ, పనిచేస్తాయనీ గుర్తించడం లేదని స్పష్టంగా చెప్పింది. నా వేళ్ల మీది మచ్చ పైపొరతో రాలిపోయింది. లోపల పడ్డ మచ్చ అలా రాలిపోదు.

క్రిములు వెండికి అలవాటుపడవన్నది ఇంకో అపోహ. 1975లోనే కాలిన గాయాల వార్డులో సిల్వర్ నైట్రేట్‌కి లొంగని సాల్మొనెల్లా అనే బాక్టీరియా గురించి ప్రచురించారు. వెండిని బయటికి తోసేసే జన్యువులు ఏవో తర్వాత తెలిశాయి. కానీ నన్ను ఆశ్చర్యపరిచింది 2018లో చెక్ దేశపు ఒలోమోట్స్‌లో పనాచెక్ బృందం చూపించిన విషయం. తక్కువ మోతాదు వెండి నానోకణాల్లో మళ్లీ మళ్లీ పెంచిన ఈ.కోలై, జన్యువులేవీ మారకుండానే, ఒక ఉపాయం పన్నింది. ఈదడానికి వాడే తోకలోని ఫ్లాజెలిన్ అనే ప్రొటీన్‌ని ఎక్కువగా తయారుచేసి బయటికి వదిలింది. ఆ ప్రొటీన్ జిగురులా పనిచేసి నానోకణాలని ముద్దకట్టించింది. ముద్దకట్టిన వెండికి ఉపరితలం ఏదీ, అయాన్లు ఊరేది ఎక్కడ? కణాలకి ఎన్ని రక్షణ పొరలు వేసినా ఆ ముద్దకట్టడం ఆగలేదు. చివరికి ఆపింది దానిమ్మ తొక్క కషాయం. అది ఫ్లాజెలిన్ తయారీనే అణిచేసింది, నానోకణాలు మళ్లీ పనిచేశాయి.

ఆ పేపర్ చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు. మొక్కకి ఈ పనిలో ఉండాల్సిన చోటు ఇదే అనిపించింది. ఎలక్ట్రాన్ ఇవ్వడానికి ఏదైనా సరిపోతుంది, గ్లూకోజ్ కూడా ఇస్తుంది. కానీ క్రిమి పన్నే ఉపాయాన్ని ఆపే అణువు మొక్కలో ఉంటే అది ఆ మొక్కకే సొంతమైన గుణం. మన పిల్లలు వెతకాల్సింది అది.

నీటి శుద్ధిలో వెండికి నేను మనస్ఫూర్తిగా ఓటేస్తాను. ఐఐటీ మద్రాసులో ప్రదీప్ బృందం 2013లో ప్రచురించిన పని చూడండి. రొయ్య పెంకుల నుంచి వచ్చే కైటోసాన్, అల్యూమినియం ఆక్సీహైడ్రాక్సైడ్ కలిపిన గింజల్లో వెండి కణాలని బిగించారు. కణం నీళ్లలోకి జారిపోదు, అయాన్ మాత్రం లీటరుకి 40 మైక్రోగ్రాముల చొప్పున ఊరుతుంది. తాగేనీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సమ్మతమని చెప్పే స్థాయి 100 మైక్రోగ్రాములు. సహజ పదార్థానికి ఒక పని అప్పగించారు, ఆ పని ఎంత జరుగుతోందో అంకెల్లో కొలిచారు. పాదరసాన్ని పట్టే పరీక్షలు కూడా నాకు ఇష్టం. నీళ్లలో పాదరసం ఉంటే అది వెండి కణాల నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది, పసుపు రంగు మన కళ్లముందే వెలిసిపోతుంది. అక్కడ రంగే జవాబు. ఇక దోమల లార్వా, పంటల మీద చల్లడం లాంటివి తొందరపడి వాడకూడదనే అంటాను. చెరువులో చల్లింది దోమనే వెతుక్కుంటూ పోదు.

బట్టల్లో వెండి కూడా అంతే. 2008లో బెన్, వెస్టర్‌హాఫ్ అనే పరిశోధకులు వెండి పూసిన సాక్సులని నీళ్లలో ఉతికి చూస్తే, కొన్ని జతలు నాలుగు ఉతుకుల్లోనే దాదాపు మొత్తం వెండిని వదిలేశాయి. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో అది చాలావరకు సిల్వర్ సల్ఫైడ్‌గా మారి బురదలోకి పోతుంది, దానివల్ల విషం తగ్గుతుంది. అయినా వాసన రాకుండా ఉండటానికి ఇంత లోహాన్ని కాలువలో కలపడం నాకు సమంజసంగా తోచదు.

ఈ ఏడాది నా దగ్గరికి వచ్చిన అమ్మాయి జామ ఆకే కావాలంది. నా పాత పేపర్ చదివిందట. సరే అన్నాను. మొదటి వారం నానోకణాల జోలికే పోలేదు. పది మిల్లీలీటర్ల కషాయంలో నత్రికామ్లం వేసి, ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేయించాను. మబ్బు పట్టింది. ఆ అమ్మాయి ట్యూబ్‌ని కిటికీ వైపు ఎత్తి చూసి, "మేడమ్, మరి మీ పేపర్‌లో ఆ పీక్..." అని ఆగిపోయింది.

"అవునమ్మా, అదే" అన్నాను.

ఇద్దరం కలిసి మూడు ఫ్లాస్కులు పెట్టాం. ఒకదాంట్లో మామూలు కషాయం, ఒకదాంట్లో క్లోరైడ్ తీసేసిన కషాయం, మూడోదాంట్లో ఉత్త గాలిక్ ఆమ్లం. ప్రతిదానికీ నీళ్లతో ఒక కంట్రోల్. సాయంత్రానికి రంగులు వేరుగా వచ్చాయి. కషాయాల గోధుమ రంగు పక్కన గాలిక్ ఆమ్లపు ఫ్లాస్క్ మాత్రం తేటగా, పసుపుగా నిలిచింది. ఆమె నోట్‌బుక్‌లో ఆకు కోసిన తేదీ కూడా రాసుకుంది. నేను చెప్పలేదు. ఆమె ఎక్స్‌ఆర్‌డీ పొడి సీసాలు సిద్ధం చేస్తుంటే, నేను పక్క టేబుల్ మీద నా పాత పేపర్‌కి కరెక్షన్ టైప్ చేశాను. మూడు వాక్యాలు. మొదటిది: 32.2 డిగ్రీల దగ్గరి పీక్ సిల్వర్ క్లోరైడ్‌ది.